సీసీ రోడ్డు మీద కంకర ఎందుకు తేలుతుంది?

ఊళ్లో సీసీ రోడ్డు పడిన కొత్తలో వడ్లు ఆరబోసుకోవచ్చు అన్నంత నున్నగా ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిస్తే కంకర గుచ్చుకుంటుంది. బండి పోతే తెల్లటి దుమ్ము లేస్తుంది. వాన పడితే ఆ దుమ్మంతా బూడిద రంగు నీళ్లై కాలవలోకి పోతుంది, కంకర రాళ్లు పళ్లికిలించినట్టు బయటపడతాయి. అంతకుమించి రోడ్డుకు ఏమీ కాదు. కుంగదు, విరగదు. అడుగున ఆరంగుళాల కాంక్రీటు గట్టిగానే ఉంటుంది. పోయింది పైనున్న అయిదారు మిల్లీమీటర్ల పొర. కానీ జనం నడిచేదీ బండ్లు తిరిగేదీ ఆ పొర మీదే కాబట్టి ఊరి లెక్కలో రోడ్డు మొత్తం పోయినట్టే.

దీనికి సాధారణంగా వినిపించే కారణాలు రెండు. సిమెంట్ తక్కువ కలిపారని కొందరంటారు, ఇనుము వేయలేదని ఇంకొందరు. మొదటి మాటలో కొన్నిచోట్ల నిజం ఉండొచ్చు. కానీ పై పొర లేచిపోయే చాలా రోడ్లలో అసలు దోషి నీళ్లు. కలిపేటప్పుడు ఎక్కువైన నీళ్లు, వేసిన తరువాత తక్కువైన నీళ్లు. సిమెంట్ బస్తాల లెక్క కచ్చితంగా ఉన్న రోడ్డు కూడా ఈ రెండింటి మధ్య పాడైపోతుంది.

ముందు ఇనుము సంగతి తేల్చేయడం మంచిది. ఇంటి శ్లాబు గోడల మధ్య గాల్లో ఉంటుంది. బరువు పడితే కింది భాగం సాగుతుంది, ఆ సాగుడును కాంక్రీటు తట్టుకోలేదు, అందుకే కడ్డీలు కావాలి. రోడ్డు అలా కాదు. అది నేల మీద పరుచుకుని ఉంటుంది, చక్రం బరువును తన మందంతోనే నేల మీదికి పంచుతుంది. అందుకే మన పల్లెల్లో, కాలనీల్లో పడే సీసీ రోడ్లు దాదాపు అన్నీ కడ్డీల్లేని మామూలు కాంక్రీటే. తక్కువ రద్దీ ఉండే సిమెంట్ రోడ్ల కోసం, దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఎస్‌పీ 62 మార్గదర్శకాలు కూడా కనీసం 150 మిల్లీమీటర్ల మందం, ఎం30 కాంక్రీటు (28 రోజులకు 30 మెగాపాస్కల్స్ బలం వచ్చేది; మెగాపాస్కల్ అంటే కాంక్రీటు తట్టుకునే ఒత్తిడికి కొలత), రెండున్నర నుంచి నాలుగు మీటర్లకొక అడ్డ జాయింటు అడుగుతాయి తప్ప కడ్డీల వల పరచమని అడగవు. జాతీయ రహదారుల మీద జాయింట్ల దగ్గర డోవెల్ బార్లు, టై బార్లు పెడతారు. వాటి పని ఒక పలక మీది బరువును పక్క పలకకు అందించడం, పలకలు విడిపోకుండా పట్టి ఉంచడం. ఎక్కడైనా వల పరిచినా, అది పగులును ఆపడానికి కాదు, వచ్చిన పగులు నోరు తెరవకుండా పట్టుకోవడానికి. రోడ్డులో వేసే కడ్డీ కాంక్రీటు లోపల, పై నుంచి రెండంగుళాలకు అటూఇటూ లోతున ఉంటుంది. పైన లేచిపోయే అయిదు మిల్లీమీటర్ల పొరకూ దానికీ సంబంధమే లేదు. కాబట్టి "ఇనుము వేసి ఉంటే ఇలా అయ్యేది కాదు" అన్న మాట ఈ జబ్బు విషయంలో చెల్లదు. ఇనుమే రోడ్డు పైభాగాన్ని పగలగొట్టే సందర్భం ఒకటుంది, దాని సంగతి తరువాత.

అసలు పై పొర కింది కాంక్రీటు కంటే ఎందుకు బలహీనంగా ఉంటుంది? రెండూ ఒకే మిల్లర్‌లోంచి (కాంక్రీటు కలిపే యంత్రం), ఒకే తట్టలోంచి పడ్డవే కదా?

పడేటప్పుడు ఒకటే. పడిన గంటలో రెండవుతాయి. తడి కాంక్రీటులో రాయి నీటి కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు, సిమెంట్ రేణువు మూడు రెట్లకు పైగా బరువు. వాటిని పరిచి వదిలేస్తే బరువైనవి కిందికి దిగుతాయి, నీళ్లు పైకి తేలతాయి. ఆ నీళ్లు ఊరికే రావు. సన్నటి ఇసుక మన్ను, రాతి పొడి, కొంచెం సిమెంట్ వెంట తెస్తాయి. మేస్త్రీలు "సిమెంట్ పాలు తేలాయి" అనేది దీన్నే. చూడటానికి చిక్కగా ఉంటుంది, సిమెంట్ ఎక్కువ ఉన్న పొరలా కనిపిస్తుంది. నిజానికి అందులో ఎక్కువ ఉన్నది నీళ్లు. ఆ నీళ్లు ఆరిపోయాక వాటి చోటు ఖాళీగా మిగులుతుంది. పైకి నున్నగా, లోపల జల్లెడలా ఉన్న పొర అది. రోడ్డు అంతటిలోనూ బలహీనమైన కాంక్రీటు సరిగ్గా చక్రం ఆనే చోట తయారవుతుంది.

నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే ఈ పాలు అంత ఎక్కువ తేలతాయి. లెక్క చూస్తే తెలుస్తుంది. 50 కిలోల సిమెంట్ బస్తా పూర్తిగా గట్టిపడటానికి కావలసిన నీళ్లు 19 లీటర్ల దగ్గర. కాంక్రీటు కదలాలి, పరుచుకోవాలి కాబట్టి కొంచెం ఎక్కువ పోయక తప్పదు. మంచి రోడ్డు కాంక్రీటులో అది 22, 23 లీటర్లు ఉంటుంది. 30 లీటర్లు పోస్తే నీళ్లకూ సిమెంటుకూ నిష్పత్తి 0.6కు చేరుతుంది, అదనంగా పోసిన ఆ ఏడెనిమిది లీటర్లకు కాంక్రీటులో చేసే పని లేదు. అవి పైకి తేలాలి, లేదా లోపలే రంధ్రాలుగా మిగలాలి.

30 లీటర్లు పోస్తున్నట్టు అక్కడ ఎవరికీ తెలియకపోవడం ఇందులో ఇంకో చిక్కు. రాత్రి వాన పడిన ఇసుక గుట్ట ఉంటుంది. బస్తా సిమెంటుకు 80 కిలోల ఇసుక పడుతుందనుకుంటే, అందులో 5 శాతం తడి ఉన్నా 4 లీటర్ల నీళ్లు మిల్లర్‌లోకి ఇసుకతోనే వెళ్లిపోతాయి. బకెట్ లెక్కలో అవి రావు. పైగా తడి ఇసుక ఉబ్బుతుంది. తట్టల లెక్కన కొలిస్తే ఉబ్బిన ఇసుక నాలుగో వంతు దాకా తక్కువ పడొచ్చు. అంటే ఆ రోజు కాంక్రీటులో ఇసుక తక్కువ, నీళ్లు ఎక్కువ. మర్నాడు ఎండ కాసి ఇసుక ఆరితే లెక్క మళ్లీ మారుతుంది. ఒకే వీధిలో ఈ చివర బాగుండి ఆ చివర కంకర తేలిన రోడ్లు కనిపించడానికి ఇదొక కారణం. కాంట్రాక్టర్ అదే, సిమెంట్ అదే, మారింది ఇసుక తడి.

వీటన్నిటికీ తోడు, నీళ్లు ఎక్కువుంటే పని తేలిక. గట్టి కాంక్రీటును పారతో లాగి, దాన్ని అదిరించి కుదించే వైబ్రేటర్ పెట్టి, బద్దతో సరిచేయడం నడుములు విరిగే పని. పలచగా ఉంటే అదే జారుకుంటూ పోయి పరుచుకుంటుంది, వైబ్రేటర్ లేకపోయినా నడిచిపోతుంది. పేవర్ యంత్రంతో రహదారి వేసేటప్పుడు కాంక్రీటు స్లంప్, అంటే కోన్ ఆకారపు అచ్చులో నింపి అచ్చు తీసేస్తే కుప్ప కుంగే ఎత్తు, 25 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కుప్ప దాదాపు నిలబడే ఉంటుంది. గల్లీ రోడ్డులో పడే కాంక్రీటును కోన్‌లో పెట్టి చూస్తే చాలాచోట్ల అది పెరుగన్నంలా కూలబడుతుంది. కూలీలను తప్పుపట్టి లాభం లేదు. చదరపు మీటర్ల లెక్కన కూలి ముట్టేవాడు పలచటి కాంక్రీటునే కోరుకుంటాడు.

ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ వస్తే ఈ బాధ పోతుందనుకోవడం సగమే నిజం. ప్లాంటులో నీళ్లు తూచి పోస్తారు, అది నిజమే. కానీ లారీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుంటే డ్రమ్ములో కాంక్రీటు బిగుసుకోవడం మొదలవుతుంది. సైట్‌కు వచ్చాక కిందికి దిగదు. అప్పుడు లారీ మీది ట్యాంకులోంచి పైపు పెట్టి నీళ్లు వదులుతారు. ప్లాంటులో తూచిన తూకం అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు మేస్త్రీ చేతి దగ్గరికి రావాలి. పై పొర తలరాత ఎక్కువగా తేలేది అక్కడే.

బద్దతో సరిచేసిన కాసేపటికి కాంక్రీటు మీద అద్దంలా మెరుపు వస్తుంది. అది కిందినుంచి తేలిన నీళ్ల మెరుపు. ఆ మెరుపు ఉన్నంతసేపు దాన్ని ముట్టుకోకూడదు. నీళ్లు ఆరి, మెరుపు పోయి, కాలు పెడితే అర సెంటీమీటరు మాత్రమే దిగే స్థితి వచ్చాక చెక్కతో రుద్దాలి, ఆ తరువాత చీపురుతో గీతలు పెట్టాలి. చలికాలంలో ఇందుకు రెండు మూడు గంటలు పట్టొచ్చు. సాయంత్రం అయిదవుతోంది, ట్రాక్టర్ ఎదురుచూస్తోంది, కూలీలు ఇళ్లకు పోవాలి. రెండు గంటలు ఎవరు ఆగుతారు? మెరుపు మీదే తాపీ తిప్పేస్తారు. తేలిన నీళ్లు మళ్లీ లోపలికి నొక్కుకుపోతాయి. పైన పలచటి తొక్క మూసుకుంటుంది, కిందినుంచి ఇంకా తేలుతున్న నీళ్లు ఆ తొక్క అడుగున చిక్కుకుంటాయి. అక్కడే ఒక నీటి పొర మిగిలి, తరువాత ఖాళీ అవుతుంది. నాలుగు నెలల తరువాత ట్రాక్టర్ టైరు తగిలితే ఆ తొక్క రేకులు రేకులుగా లేస్తుంది. పెచ్చు తీసి తిరగేసి చూస్తే అడుగువైపు నున్నగా, పొడిపొడిగా ఉంటుంది. బలవంతంగా విరిగిన కాంక్రీటు అలా ఉండదు, గరుకుగా, రాళ్లతో సహా ఊడుతుంది. నున్నటి అడుగు కనిపించిందంటే ఆ పెచ్చు అక్కడ ఎప్పుడూ అతుక్కునే లేదు.

నీళ్లు ఎక్కువ తేలినచోట ఇంకో చిట్కా నడుస్తుంది. పొడి సిమెంట్ చల్లడం. చేటలో సిమెంట్ తెచ్చి మెరుస్తున్న చోట జల్లి, రుద్దితే నీళ్లు పీల్చుకుని వెంటనే గట్టిపడుతుంది, పైన మంచి నునుపు వస్తుంది. చూసేవాళ్లు "ఇంకా సిమెంట్ వేస్తున్నారు, మంచిదే" అనుకుంటారు. పై రెండు మిల్లీమీటర్లలో సిమెంట్ ఎక్కువైతే ఆ పొర కింది కాంక్రీటు కంటే ఎక్కువగా ముడుచుకుంటుంది. ఫలితం సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు, ఆ తరువాత పెచ్చులు. అకస్మాత్తుగా వాన పడి పైన కొట్టుకుపోయినప్పుడు కూడా ఇదే వైద్యం చేస్తారు, ఫలితమూ ఇదే. ఇంటి గచ్చు మీద పనికొచ్చిన చిట్కా రోడ్డు మీద పనికిరాదు. గచ్చు మీద ఎద్దుల బండి తిరగదు.

ఎండాకాలంలో కథ కొంచెం వేరు. మార్చిలోపు బిల్లులు కావాలన్న తొందరలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడే రోడ్లు ఎక్కువ. మహాత్మా గాంధీ ఉపాధి హామీ పథకంలో కూలీకి 60, సామగ్రికి 40 అన్న నిష్పత్తి ఉండేది. సామగ్రి వాటా కింద ఎన్నో ఊళ్లకు సీసీ రోడ్లు వచ్చాయి. ఆ వాటా ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు చూపాల్సి వచ్చేది. మిగిలిపోయిన పనులు ఏప్రిల్, మేలలోకి జారతాయి. రెంటచింతల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలను తాకే రోజులవి. జాతీయ రహదారుల పనుల్లో కాంక్రీటు వేడి 30 డిగ్రీలు దాటితే వేయొద్దని నియమం. అందుకే అక్కడ ఐసు కలుపుతారు, రాత్రిళ్లు వేస్తారు. ఊరి రోడ్డుకు ఎండలో కాగిన కంకర, ఎండలో కాగిన ట్యాంకు నీళ్లే గతి.

తాజా కాంక్రీటు మీదినుంచి గంటకు చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున నీళ్లు ఆవిరవుతుంటే పై పొర చిట్లే ప్రమాదం మొదలైనట్టేనని కాంక్రీటు ఇంజనీర్ల లెక్క. ఒక్క లీటరే కదా అనిపిస్తుంది. మూడు మీటర్ల వెడల్పున 50 మీటర్ల రోడ్డు వేశారంటే 150 చదరపు మీటర్లు. గంటకు 150 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములో ముప్పాతిక భాగం గాల్లో కలిసిపోతోందన్నమాట. దీన్ని పెంచేది ఎండ ఒక్కటే కాదు, గాలి కూడా. వేడి గాడ్పు వీచే మధ్యాహ్నం నీడలో వేసిన కాంక్రీటు కూడా చిట్లుతుంది. అడుగున మొరం పొడిగా ఉంటే అది కిందినుంచి ఇంకొన్ని నీళ్లు పీలుస్తుంది. పాలిథీన్ షీటు పరచమని చెప్పడం అందుకే. అది చిరిగిపోయినా, అసలు పరచకపోయినా కాంక్రీటు రెండువైపులా ఎండుతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. అంతకుముందు నీళ్లు ఎక్కువై పాడైన పొర, ఇప్పుడు నీళ్లు చాలక పాడవుతుంది. ఎక్కువ పోసిన నీళ్లు ఇప్పుడు పనికిరావొచ్చు కదా అంటే, రావు. అవి అప్పటికే రంధ్రాలు చేసుకుంటూ బయటికి పోయాయి. సిమెంట్ ఆ తరువాత రోజుల తరబడి నెమ్మదిగా తాగే నీళ్లు వేరే ఇవ్వాలి. ఇవ్వకపోతే పై రెండు మూడు సెంటీమీటర్లలో సిమెంట్ రేణువులు సగం ఉడికిన బియ్యంలా మిగిలిపోతాయి. లోపలి కాంక్రీటుకు ఈ బాధ తక్కువ, దాని తేమను పై పొరే కాపాడుతుంది. పై పొరను కాపాడేవాళ్లు లేరు.

రోడ్డుకు క్యూరింగ్, అంటే కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం, 14 రోజులు. ముందు రోజు తడి గోనెపట్టాలు కప్పి, మర్నాటినుంచి మట్టితో మడులు కట్టి నీళ్లు నిలపాలి. పల్లెల్లో చాలామందికి మడుల సంగతి తెలుసు, కడతారు కూడా. గోనెపట్టాల రోజే ఎగిరిపోతుంది. రోడ్డు వేసిన మధ్యాహ్నం నుంచి మర్నాటి పొద్దుటి దాకా, కాంక్రీటు అన్నిటికంటే దాహంగా ఉన్న ఆ 15, 18 గంటలు, దాని మీద ఏమీ ఉండదు. తరువాత రెండు వారాలు చెరువులా నీళ్లు నిలిపినా ఆ మొదటి రాత్రి పోయింది తిరిగి రాదు. ఇక మడులు కట్టాక కూడా మూడో రోజుకే బైకులు పోవడానికి మధ్యలో మట్టి తెగ్గొడతారు. తెగ్గొట్టిన ఆ బాట మేరకే తరువాత కంకర తేలిన రోడ్లు చూస్తే ఇంకో రుజువు అక్కర్లేదు.

సీసీ రోడ్ల మీద కుక్క అడుగులు కనిపించడం మామూలే. వాటిని చూసి నవ్వుకుంటాం గానీ అవి పనికొచ్చే ఆనవాళ్లు. అడుగు లోతుగా దిగి అంచులు చుట్టూ ఉబ్బి ఉంటే, ఆ కుక్క పోయినప్పుడు కాంక్రీటు ఇంకా చాలా పలచగా ఉందన్నమాట. ఆ సమయంలో దాని మీద పట్టా లేదన్నది ఎలాగూ తెలుస్తూనే ఉంది.

సిమెంట్ రకం కూడా ఇందులో కలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అమ్ముడుపోయే బస్తాల్లో చాలావరకు పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంట్. విజయవాడ, రామగుండం, కొత్తగూడెం లాంటి థర్మల్ కేంద్రాలున్న చోట బూడిదకు కొదవ లేదు. పీపీసీ చెడ్డ సిమెంట్ కాదు, క్యూరింగ్ బాగా అందితే చివరికి చిక్కటి, నీళ్లు ఇంకని కాంక్రీటు ఇస్తుంది. కాకపోతే నెమ్మది. ప్రమాణాల ప్రకారం ఏడు రోజులకు 53 గ్రేడ్ మామూలు సిమెంట్ కనీసం 37 మెగాపాస్కల్స్ చూపాలి, పీపీసీ 22 చూపితే చాలు. ఆలస్యంగా బలపడే సిమెంటుకు నీళ్లు ఎక్కువ రోజులు కావాలి. అందరూ చేసేది దీనికి తలకిందులు. మూడు రోజులు నీళ్లు కొట్టి ఊరుకుంటారు, రోడ్డు పోయాక "బూడిద సిమెంట్ వేశారు" అంటారు.

ఇంత జరిగినా కాగితాల మీద రోడ్డు పాసవుతుంది. ఇందులో మోసం ఉండనక్కర్లేదు. పరీక్ష కోసం అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలు, అంటే క్యూబులు, 28 రోజులు నీళ్ల తొట్టిలో మునిగి ఉంటాయి. వాటికి ఎండ తగలదు, గాలి తగలదు, వాటి మీద ఎవరూ తాపీ తిప్పరు, బైకు ఎక్కించరు. క్యూబు చెప్పేది ఆ కాంక్రీటుకు బాగా చూసుకుంటే ఎంత బలం వస్తుందో. రోడ్డు మీద దాన్ని ఎలా చూసుకున్నారో అది చెప్పలేదు. గట్టిపడిన రోడ్డులోంచి డ్రిల్లుతో గుండ్రటి ముక్క (కోర్) తీసి పరీక్షించినా, నొక్కే ముందు దాని పై చివర కోసి చదును చేస్తారు. జబ్బున్న పొర అక్కడే పోతుంది. పై పొర సంగతి కాస్తో కూస్తో చెప్పేది రీబౌండ్ హ్యామర్, అంటే పైన కొట్టి ఎంత వెనక్కి ఎగిరిందో చూసే సాధనం. అది కూడా లేకపోతే మేకు చాలు. నెల దాటిన రోడ్డు మీద మేకుతో గట్టిగా గీస్తే మంచి కాంక్రీటు మీద లోహపు గీత పడుతుంది. చెడ్డదాని మీద గాడి పడి పొడి లేస్తుంది.

ఇసుక, కంకరల పాత్ర కొంత తక్కువైనా లేకపోలేదు. ఒండ్రు మట్టి కలిసిన ఇసుక నీళ్లు ఎక్కువ అడుగుతుంది, ఆ మన్నంతా పాలతో పాటు పైకి తేలుతుంది. గాజు సీసాలో సగం ఇసుక పోసి, ఉప్పు నీళ్లు పోసి, ఊపి మూడు గంటలు వదిలితే మన్ను వేరే పొరగా పైన తేరుకుంటుంది. ఇసుక మందంలో అది 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపడమే. నది ఇసుక దొరకనప్పుడు రోబో ఇసుక వాడతారు. అది తప్పు కాదు, కాంక్రీటు కోసం మిషన్‌లో చేసి, కడిగిన రోబో ఇసుకకు ప్రమాణాల్లో చోటుంది. అదే పేరుతో వచ్చే క్రషర్ డస్ట్ వేరు. అది కంకర కొట్టగా మిగిలిన పొడి. రెండింటికీ రంగు ఒకటే, అరచేతిలో రుద్దితే తేడా తెలుస్తుంది, డస్ట్ పిండిలా చేతికి అంటుకుంటుంది.

రాయి విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కంకర తేలింది కాబట్టి కంకర మంచిది కాదు అంటారు. కంకర రాయి బొడిపెలా నిలిచి ఉందంటే అది గట్టిదే, దాని చుట్టూ ఉన్న సిమెంట్ ఇసుక అరిగిపోయింది. రాయే చెడ్డదైతే దాని చోట చిన్న గుంట పడుతుంది. చక్రం ఆనే పొరలో వాడే కంకర, ఇనుప గుండ్లతో డ్రమ్ములో తిప్పి చూసే లాస్ ఏంజెలెస్ అరుగుదల పరీక్షలో 30 శాతానికి మించి అరగకూడదు. తెలంగాణ, రాయలసీమల గ్రానైటు సాధారణంగా ఈ పరీక్షలో తేలిగ్గా నెగ్గుతుంది. ఉత్తరాంధ్రలో తూర్పు కనుమల ఖోండలైటు అనే రాయి శిథిలమై మెత్తబడి ఉన్నచోట క్వారీ చూసి కొనాలి.

పుట్టుకలో వచ్చిన ఈ లోపాలన్నీ బయటపడటానికి వాడకం కావాలి. అమెరికా, కెనడాల్లో ఉండే తెలుగువాళ్లు ఇంటి ముందు డ్రైవ్‌వే మీద పెచ్చులు లేవడం చూసే ఉంటారు. అక్కడ అది మంచు పని. రంధ్రాల్లో నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి, దాని మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు తోడవుతుంది. అందుకే అక్కడి కాంక్రీటులో కావాలనే సన్నటి గాలి బుడగలు కలుపుతారు. ఇక్కడ మంచు లేదు. ఇక్కడ దమ్ము చక్రాలున్నాయి.

నాట్ల రోజుల్లో ట్రాక్టర్‌కు ఇనుప కేజ్ వీల్స్ తగిలించి పొలానికి పోతారు, వాటితోనే సీసీ రోడ్డెక్కి తిరిగొస్తారు. రబ్బరు టైరు రోడ్డు మీద అరచేయంత మేర పరుచుకుని బరువు పంచుతుంది. ఇనుప చక్రం ఒక పట్టీ అంచు మీద ట్రాక్టర్ మొత్తాన్ని మోపుతుంది, తిరుగుతూ ఒక్కో పట్టీతో ఉలి దెబ్బలా కొడుతుంది. మంచి కాంక్రీటు మీద కూడా గీట్లు పడతాయి. పై తొక్క వదులుగా ఉన్న రోడ్డు ఒక్క సీజన్‌లోనే తెల్లబడిపోతుంది. చైన్ మీద నడిచే వరికోత మిషన్లు, ప్రొక్లెయినర్లు మలుపు తిరిగే చోట ఇంకా ఘోరం. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కొద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. గట్టు దగ్గర చక్రాలు విప్పి టైర్లు బిగించడానికి పట్టే సమయం గుర్తొస్తే, రైతు ఎందుకు వినడో కూడా అర్థమవుతుంది.

మురుగు కాలవ లేని వీధిలో వాడకం నీళ్లు రోజంతా రోడ్డు మీదే పారతాయి. పశువుల పాకల ముందు మూత్రం, పేడ నీళ్లు నిలుస్తాయి. పులిసిన గడ్డి, పేడల్లో పుట్టే ఆమ్లాలు సిమెంటును నెమ్మదిగా కరిగిస్తాయి. రోడ్డంతా బాగుండి పాక ముందు మాత్రం రాళ్లు తేలి ఉంటే కారణం వేరే వెతకనక్కర్లేదు.

జాయింట్ల దగ్గర పగిలే అంచులది ఇంకో కథ. నాలుగు మీటర్ల కాంక్రీటు పలక చలి ఉదయానికీ మండుటెండకూ మధ్య 30 డిగ్రీల తేడాలో ఒక మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. జాయింటు సందులో తారు గానీ సీలెంట్ గానీ నింపకపోతే అందులో ఇసుక, చిన్న రాళ్లు చేరతాయి. ఎండకు పలకలు సాగినప్పుడు మధ్యలో చిక్కిన రాయి రెండు అంచులనూ చిట్లగొడుతుంది. జాయింటు కోయడం ఆలస్యమైన రోడ్డు తనకు నచ్చినచోట వంకరగా చిట్లి తానే జాయింటు చేసుకుంటుంది. ఆ వంకర పగులు అంచులు ఇంకా తొందరగా రాలతాయి.

ఇప్పుడు ఇనుము. కల్వర్టు మీది శ్లాబు, వంతెన డెక్కు, వంతెనకు ఆనించి వేసే అప్రోచ్ శ్లాబు, రోడ్డు దాటే కాలవల మూతలు నిజంగా కడ్డీలున్న కాంక్రీటు. అక్కడ పైభాగం ఊడటానికి దారి వేరు. కాంక్రీటు పోసేటప్పుడు కడ్డీల వల మీద జనం నడుస్తారు, కడ్డీలను సరైన ఎత్తులో నిలిపే చిన్న దిమ్మలు (కవర్ బ్లాకులు) పక్కకు జారతాయి, పై వరస కడ్డీలు ఒకచోట కిందికి కుంగి, ఇంకోచోట పైకి లేస్తాయి. పైకి లేచినచోట వాటి మీద 15 మిల్లీమీటర్ల కాంక్రీటు కూడా మిగలదు. నీళ్లు, ఉప్పు ఆ పలచటి పొర దాటి లోపలికి పోతే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే కనీసం రెండింతల చోటు అడుగుతుంది. లోపలినుంచి తోసుకొచ్చిన ఆ ఒత్తిడికి పైన కాంక్రీటు పళ్లెంలా ఊడొస్తుంది. కోస్తాలో ఈ జబ్బు ఎక్కువ. సముద్రపు గాలి ఒకటి, చేపలు, రొయ్యల లారీలనుంచి కారే ఉప్పు నీళ్లు ఇంకొకటి. చప్పటి బోరు నీళ్లు దొరకక ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపితే బయటినుంచి రావాల్సిన పని కూడా ఉండదు. కలిపే నీళ్లలో క్లోరైడ్ మామూలు కాంక్రీటుకు లీటరుకు 2000 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకునే ప్రమాణం, కడ్డీలున్న కాంక్రీటుకు 500 దగ్గరే ఆపేస్తుంది. ఉప్పు నీళ్లతో వేసిన ఊరి రోడ్డు నెట్టుకొస్తుంది గానీ అదే నీళ్లతో వేసిన కల్వర్టు నెట్టుకురాలేదు.

ఈ రెండు జబ్బులను విడదీసి చూడటం కష్టం కాదు. సుత్తితో మెల్లగా కొడుతూ పోతే కడ్డీ తుప్పు పట్టినచోట డొల్ల మోత వస్తుంది, కడ్డీ వెంట తిన్నటి గీతలా పగులు, దాని మీద గోధుమరంగు మరక ఉంటుంది. నీళ్లవల్ల పోయిన పై పొరకు గీతలుండవు, మరకలుండవు. అక్కడక్కడా మొదలై మచ్చల్లా పరుచుకుంటుంది.

తెలియాల్సింది ఎందుకంటే వైద్యం రెండింటికీ ఒకటి కాదు. కంకర తేలిన రోడ్డు మీద చాలాచోట్ల చేసే పని సిమెంట్ నీళ్లు కలిపి పూయడం, లేకపోతే అరంగుళం మందాన ఇసుక సిమెంట్ వేయడం. కింద వదులుగా ఉన్న పొర మీద వేసింది కింద ఉన్నదాన్నే పట్టుకుంటుంది, అది ఊడితే దాంతో పాటే ఊడుతుంది. ముందు చెడ్డ పొరను గట్టి కాంక్రీటు తగిలేదాకా గీకేయాలి లేదా యంత్రంతో అరగదీయాలి. ప్యాచ్ వేసే చోట అంచులు పలచగా జారవిడవకుండా కట్టర్‌తో నిలువుగా కోయాలి, దుమ్ము ఊదేసి, తడిపి, పైన నీళ్లు నిలవకుండా ఆరనిచ్చి, అతుక్కునే పూత వేశాక కొత్త కాంక్రీటు నింపాలి. కడ్డీ తుప్పు పట్టినచోట కడ్డీ చుట్టూ, దాని అడుగుదాకా తవ్వి, తుప్పు గీకి, అప్పుడు పూడ్చాలి. పైపైన పూడిస్తే తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది. తేలిన రాళ్లు గట్టిగా పట్టుకుని ఉండి, దుమ్ము మాత్రమే లేస్తున్న రోడ్డు అయితే, ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఒక పద్ధతే. బలహీనమైన పొర అరిగిపోయాక కింద మంచి కాంక్రీటు తగులుతుంది, అరుగుదల దానంతటదే నెమ్మదిస్తుంది. గరుకుగా ఉంటుంది, అంతే. వానాకాలంలో బైకులు జారవు.

ప్యాచ్ వేస్తే మాత్రం, అది చారెడే అయినా, వేసిన సాయంత్రమే తడి గోనెపట్టా కప్పాలి. చిన్న ప్యాచ్ చుట్టూ పాత కాంక్రీటు ఎండి ఉంటుంది, పక్కలనుంచి కూడా నీళ్లు లాగేసుకుంటుంది. పెద్ద రోడ్డు కంటే అదే తొందరగా ఎండుతుంది.